ఒక్కపూట బతికే ముఖం

“నిన్నటి ఏజెంటు లిఫ్టులో చచ్చాడు. ఇవాళ నీ వంతు. పనికి, చావుకి కాదు,” అన్నాడు చీఫ్.

ఏజెంటు నవ్వలేదు. పొద్దుటినుంచీ అతని కుడికాలు ఒకటే ఊగుతోంది.

లాబ్‌లో గోరంత క్రిస్టల్ ఉంది. పైకి ఒకటే ముక్క, లోపల విరిగిన పాలు. ఒక మచ్చలో కరెంటు నష్టమే లేకుండా పరుగెడుతుంది, పక్క మచ్చలో మొండికేస్తుంది. ఏ మచ్చలో ఎలక్ట్రాన్లు ఎలా మసులుతున్నాయో సన్నటి ఎక్స్‌రే కిరణంతో వెతికి, లాబ్ పెద్దావిడ ఏడేళ్లు కూర్చుని మ్యాప్ గీసింది. సోమవారం దాన్ని లోకానికంతా ఊరికే ఇచ్చేస్తుంది. ఈలోపే కాజేసి, పేటెంటు తాళం బిగించి, వీధిదీపానికి కూడా కప్పం గుంజాలని విదేశీ ముఠా ఎత్తు.

“లోపల మన మనిషి ఉంది. కోడ్: పాలు విరిగాయా? జవాబు: విరిగినా పారబొయ్యం,” అన్నాడు చీఫ్.

మెషీన్‌లోంచి గాలి తోడే పంపుకి మెకానిక్ వేషంలో ఏజెంటు దిగాడు. పెద్దావిడ గుమ్మంలోనే హడలగొట్టింది.

“బాబూ, మెషీన్ కింద ఆ ఎర్ర వాల్వు జోలికి పోకు. గాలి దూరిందంటే కరెంటు మొత్తం దానంతటదే పడిపోతుంది. మళ్లీ శూన్యం తేవాలంటే పదిరోజులు వేడిచెయ్యాలి. క్రిస్టల్ని ఆ శూన్యంలోనే పగలగొడతాం. పగిలినచోట బయటపడే కొత్త ముఖం ఒక్కపూటే బతుకుతుంది. తర్వాత ఏం కొలిచినా చెత్తే.”

మెషీన్ ముందు ఎర్ర లిప్‌స్టిక్ సుందరి.

“పాలు విరిగాయా?”

“విరిగినా పారబొయ్యం. ఏం మెకానిక్ గారూ, పంపుకంటే మీ కాలే ఎక్కువ ఊగుతోంది!”

కోడ్ కుదిరింది. కాలు మాత్రం ఆగలేదు.

“ఏం కొలుస్తున్నారు?”

“నిన్న పొద్దున పగలగొట్టిందే. ఎంత చక్కగా వస్తోందో!”

నిన్న పొద్దున! శవానికి నాడి చూస్తోందా ఈవిడ?

వంగి చూశాడు. కంప్యూటర్‌కి గుచ్చిన లిప్‌స్టిక్ గొట్టం. ట్రాన్స్‌మిటర్! మ్యాప్ బయటికి పోతోంది, స్క్రీన్ మూల 97 శాతం.

పిస్టల్ అతని చెవికి ఆనింది.

“మీ జీతం కంటే ముఠా ఎక్కువిస్తోంది. లిఫ్టులో వాడికీ ఇంతే తొందర. నూరు పడితేగాని ఫైలు తెరుచుకోదు. అందాకా బుద్ధిగా ఉండు.”

98.

“కాలు ఆపు!”

“నా మాట వినదండీ.”

99. ఊగే కాలు ఎర్ర వాల్వుని ఈడ్చి తన్నింది. బుస్సుమని గాలి దూరింది. స్క్రీన్ చచ్చింది, దీపాలు పోయాయి. గుండు గోడలో దిగబడింది.

దీపాలు వచ్చేసరికి సుందరి చేతులకి పంపు బెల్టు బిగిసి ఉంది.

పెద్దావిడ పరుగున వచ్చింది. “నా మ్యాప్?”

“భద్రం. సోమవారం దర్జాగా ఇచ్చేయండి.”

ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. తర్వాత వాల్వు వైపు చూసింది. స్పానర్ తెచ్చి అతని చేతిలో పెట్టింది.

“లోకం నీకు దణ్ణం పెడుతుందిలే బాబూ. ముందు నువ్వు పంపు విప్పు. పదిరోజులు.”