పరశురాములు పెంచిన చేపలు

"ఫోన్ యాడుందే?"

ఫట్!

ఉప్పలమ్మ పెదవి చిట్లింది. రక్తం కారుతోంది. 

మిట్టమధ్యాహ్నం. కొత్తకోట బయట ఫామ్‌హౌస్. మెడలోతు సిమెంటు తొట్టి అంచున ఆమె మోకాళ్ల మీద ఉంది. రెండు చేతులూ ముందుకు కట్టేశారు. వెనక రాజేశ్, జుట్టు పట్టుకుని. ఎదురుగా వాడి బాస్ పరశురాములు... చేతిలో పిస్తోలు.

పొద్దున అదే పిస్తోలుతో ఆమె తమ్ముడు కాటమయ్యను కాల్చేశాడు. వాగులో ఇసుక లారీలకు అడ్డం నిలబడ్డందుకు!

ఆమె వీడియో తీసింది. ఆ ఫోన్ పట్టుకుని మరదలు శోభ పోలీసుల దగ్గరికి బయల్దేరింది. ఇంకో అరగంట ఓర్చుకుంటే చాలు.

పరశురాములు తొట్టిలోకి కోడి పేగులు విసురుతాడు. నీళ్లు ఎగిసిపడతాయి! ఎర్రటి పొట్టలు... పళ్లు...

"పిరానాలు! ఫారిన్ నుంచి తెప్పిచ్చిన. పది నిమిషాల్ల నీ బొక్కలే మిగుల్తయ్. చెప్తవా?"

ఉప్పలమ్మ తొంగి చూస్తుంది. మనిషి దవడ పళ్లలాంటి పళ్లు...

రూప్‌చంద్!

పన్నెండేళ్లుగా మార్కెట్లో ఆమె కోసి అమ్మే చేప. పిరానాకు చుట్టమే. కానీ మనుషుల్ని తినదు. ఎవడో వీణ్ణి నమ్మించి అంటగట్టాడు!

పిస్తోలు నుదుటికి ఆనుతుంది.

"కాల్చు అన్నా! నీ కాల్మొక్త... అండ్ల మాత్రం ఎయ్యకు!"

పరశురాములు నవ్వుతాడు. "నూకుర!"

రాజేశ్ తోసేస్తాడు. చేపలు మీదికొస్తాయి. ఒకటి వేలు కొరుకుతుంది... ప్రాణం జివ్వుమంటుంది! కేక పెట్టి మునిగిపోతుంది. ఊపిరి బిగబట్టి, గోడనానుకుని అడుగునే కూర్చుంటుంది.

పైన నీడ. చూద్దామని పరశురాములు వంగాడు.

ఇప్పుడే!

కట్టిన చేతులు పైకి లేస్తాయి. కాలర్ దొరికింది... ఒక్క గుంజు!

ధభేల్!

"తింటున్నయ్‌రా! రాజేశ్, చెయ్యియ్యి!"

రాజేశ్ ఇవ్వడు. గేటు వైపు ఉరుకుతున్నాడు.

పరశురాములు మోకాలికి ఏదో తగులుతుంది. ఠాప్! నీళ్లలోకి గుడ్డిగా కాలుస్తాడు. ఠాప్! తన తొడే చీలిపోతుంది. నీళ్లు ఎర్రబడుతున్నాయి. చేపలు ఇంకా దగ్గరికి...

ఉప్పలమ్మ గట్టు పట్టుకుని పైకి పాకింది. వెనక్కి తిరిగి చూసింది. వీడు ఇట్లా చావకూడదు. కోర్టులో నిలబడాలి. తమ్ముణ్ణి చంపింది వీడేనని అందరూ వినాలి!

"ఒరేయ్, ఆగు! గవి రూప్‌చంద్‌లురా! మనిషిని తినయ్! పిస్తోలు ఇడ్సిపెట్టు!"

"అబద్ధం! అబద్ధమాడుతున్నవ్!"

అతని చొక్కా లోపల ఏదో కొట్టుకుంటుంది. పొట్ట మీద... చల్లగా... జారుతూ...

"కాల్చకురా!"

పిస్తోలు పొట్ట వైపు తిరుగుతుంది.

ఠాప్!