నల్లగుర్రం నాడా

శని అమావాస్య... ఉదయం తొమ్మిది దాటి రాహుకాలం మొదలైంది. మాదాపూర్ మీద మబ్బులు కాటుకలా కమ్ముకున్నాయి. అద్దాల మేడల్లో పట్టపగలే దీపాలు వెలిగాయి. సగం కట్టి వదిలేసిన భవనంలో ఎక్కడో గుడ్లగూబ కూసింది!

హెడ్ కానిస్టేబుల్ ఐలయ్య ఆ భవనం వెనకున్న రేకుల కంచె తోసుకుని లోపలికి వెళ్లాడు. ఇక్కడికి రావడం ఇది మూడోసారి. అమ్మవారిని తలచుకున్నాడు గానీ, ఆ తలపులో కూడా అలసటే ఉంది.

లోపల ఖాళీ జాగాలో కపాలం ముందు శివశంకర్ కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు గుర్రాల డెక్కలకు నాడాలు కొట్టినవాడు, ఇప్పుడు మాంత్రికుడు. పక్కనే నల్ల ఆడగుర్రం మూడు కాళ్ల మీద నిలబడి వణుకుతోంది. నల్లగుర్రం నడిచి అరగదీసిన నాడాను గుమ్మానికి కొడితే శని పీడ పోతుందని చుట్టుపక్కల ఫ్లాట్లవాళ్ల నమ్మకం. వాళ్ల కోసం అతను ప్రతి అమావాస్యకూ దాని డెక్క నుంచి నాడా పెరికేవాడు. పుండు మానకముందే కొత్తది దిగ్గొట్టేవాడు. కారిన నెత్తురును కపాలానికి పూసి, నల్లగుర్రం రక్తమని తన క్షుద్రశక్తికి నివేదించేవాడు!

ఐలయ్య వెంట వచ్చిన పశువుల డాక్టర్ నీహారిక డెక్క పట్టి చూసింది. చీము ఎముకదాకా పోయిందని, ఇంకొక్క మేకు దిగితే ఈ జీవం దక్కదని మెల్లగా చెప్పింది.

గుర్రాన్ని స్వాధీనం చేసుకోవాలంటే పంచనామా మీద ఇద్దరు సాక్షులు కావాలి. గత రెండుసార్లూ ఒక్కరూ ముందుకు రాలేదు. కేసు నిలవలేదు, గుర్రం తిరిగి ఇక్కడికే వచ్చింది.

శివశంకర్ నవ్వి, కాగితం మీద బూడిద ఊదాడు.

"సంతకం పెట్టుమను సారూ, ఎవడు పెడతడో చూస్తా. పెట్టినోని చెయ్యి మాపటికల్లా కట్టె అయితది."

నాడాల కోసం వరసలో నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. ఐలయ్య ఎవరినీ పిలవలేదు. పిలిచి పిలిచి అతని గొంతు అరిగిపోయింది.

అప్పుడు వీధి ఊడ్చే రత్నమ్మ చీపురు కంచెకు ఆనించి వచ్చింది.

"కట్టె పట్టే చెయ్యే గదా సారూ, కట్టె అయితే కానీ. ఏలు ఏడ పెట్టాల్నో చూపియ్యి."

ఒక వేలిముద్ర పడింది. ఫెళఫెళమని ఉరుము... కుండపోతగా వాన! గుర్రం వీపు మీద నుంచి నల్లని నీళ్లు ధారలు కట్టాయి. కింద నుంచి తెల్లని ఒళ్లు బయటపడింది. ఆ తెలుపు నిండా కొరడా వాతలు!

మదీనాగూడ నుంచి నాడా కోసం వచ్చిన అవినాష్ ఒక్కడే ఇంకా అక్కడున్నాడు. అతని మొహం పాలిపోయింది.

"అరిగి దానంతటదే ఊడుతుందనుకున్నానండి. మా గుమ్మానికి ఇప్పటికే ఒకటుంది," అన్నాడు తలవంచుకుని. పెన్ను అడిగి తీసుకుని సంతకం పెట్టాడు.

శివశంకర్ కపాలం ఎత్తి, సాక్షులిద్దరినీ మింగమని తన శక్తిని ఆజ్ఞాపించాడు. గాలి ఆగింది... వాన శబ్దం కూడా ఆగినట్టయింది. కపాలం గుంటకళ్లు సాక్షుల వైపు తిరగలేదు. నల్లగుర్రమని ఏళ్ల తరబడి రంగు పూసి తనను మోసగించినవాడి వైపే తిరిగాయి!

అతను గావుకేక పెట్టి కూలిపోయాడు. రెండు అరికాళ్లూ ఆ గుర్రం డెక్కలాగే పుండుపడి నిలువునా చీలాయి. మేకులు దిగినట్టు పడ్డ గుంతల్లోంచి నెత్తురు ఉబికింది. వానలో చేతుల మీద పాకుతుండగా కపాలం పగిలి పిండైంది. దాంతోపాటే అతని ఊపిరీ ఆగింది!

ఐలయ్య టోపీ తీశాడు. అమ్మవారు దుష్టుణ్ణి శిక్షించిందనుకుంటే మనసు కొంత కుదుటపడింది. కానీ ఇన్ని అమావాస్యలు ఈ మూగజీవాన్ని ఎందుకు ఏడవనిచ్చావు తల్లీ అని అడక్కుండా ఉండలేకపోయాడు.

నీహారిక వ్యాన్ తలుపు తీసింది. గుర్రం కుంటుతూ రెండడుగులు వేసి ఆగి, బరువంతా ఐలయ్య భుజం మీద వాల్చింది. అతను కాళ్లు ఎడంగా పెట్టి నిలదొక్కుకున్నాడు. కదలకుండా మోశాడు.