అంచు ముడి

ఆ రోజు లిఫ్టు కావాలనే ఆపాడని ఆమెకు ఇప్పటికీ అనుమానమే.

ఆమె పనిచేసే కళ్లజోళ్ల షాపు మూడో అంతస్తులో ఉంది. ఒకరోజు పొద్దున షాపుకి వెళ్తుంటే లిఫ్టు సగం దారిలో ఆగిపోయింది. లోపల ఆమె ఒక్కతే, చేతిలో ఊలు సంచి. కాసేపటికి పైన తలుపు సందులో రెండు కళ్లు కనిపించాయి.

"భయపడకండి. నేను లిఫ్ట్ మెకానిక్‌ని."

"ఐడీ కార్డు చూపించండి."

ఆ కళ్లు రెండుసార్లు టపటపలాడాయి. "ఏమండీ, లోపల ఇరుక్కుపోయింది మీరు. నేను బయట ఉన్నాను."

"అందుకే అడుగుతున్నా."

సందులోంచి కార్డు జారి కింద పడింది. ఆమె కార్డులోని ఫొటోను, సందులోని కళ్లను మార్చి మార్చి చూసి, ఇద్దరూ ఒకరేనని తేల్చుకున్నాకే బాగుచెయ్యడానికి అనుమతి ఇచ్చింది. బాగుచేస్తున్నంతసేపూ అతను ఏవో కబుర్లు చెబుతూనే ఉన్నాడు. ఆమె లోపల కూర్చుని అల్లుకుంటూనే ఉంది. బయటికొచ్చేసరికి మఫ్లర్ జానెడు పెరిగింది.

ఆ తర్వాత ఊళ్లో ఏ లిఫ్టుకీ దక్కని వైభోగం ఆ లిఫ్టుకి దక్కింది. వారం వారం చెకింగే. "లిఫ్టుకి ఏ జబ్బూ లేదు బాబూ, జబ్బు నీకే" అని షాపు ఓనరు ఒకసారి మొహం మీదే అనేశాడు. అతను చెవుల దాకా ఎర్రబడి, స్పానర్ కింద పడేసుకున్నాడు. షాపులో అందరూ అతన్ని లిఫ్టబ్బాయి అనడం మొదలుపెట్టారు. ఆమె కూడా అదే పేరుతో పిలిచేది.

ఆమెకేమో ఇంట్లో వాళ్లు పెట్టిన పేరు డిటెక్టివ్. ఆ పేరు ఊరికే రాలేదు. కళ్లు చూపించుకోవడానికి వచ్చినవాళ్లు బోర్డు మీద చివరి వరస గడగడా చదివేస్తే, బట్టీ పట్టి వచ్చారేమోనని ఆమె వెంటనే బోర్డు మార్చేస్తుంది. మనుషుల మీద కోపం ఉండి కాదు. ఏ వస్తువునైనా రెండుసార్లు తిప్పి చూడందే సంచిలో వేసుకోని మనిషి, అంతే.

అలాంటి మనిషిని పోయిన ఆదివారం టీ కొట్టు ముందు నిలబెట్టి, లిఫ్టబ్బాయి అడగాల్సింది అడిగేశాడు.

"మనం పెళ్లి చేసుకుందామా?"

ఆమె గుండె అప్పటికప్పుడే సరేనంది. నోరు మాత్రం అలవాటు ప్రకారం, "వచ్చే ఆదివారం చెప్తాను. సాయంత్రం పార్కులో బ్యాండు ఉందిగా, అక్కడ" అంది. ఇంటికొచ్చి అమ్మకీ నాన్నకీ కూడా చెప్పింది. "నిర్ణయం నీది. మాకు చివర్లో చెబితే చాలు" అన్నాడు నాన్న. ఆమెను తొందరపెట్టి లాభం లేదని ఆయనకు ఎప్పుడో తెలుసు.

కానీ ఆ వారంలోనే లిఫ్టబ్బాయి వాలకం మారిపోయింది.

* * *

ఆదివారం పొద్దున వాళ్లింట్లో ఎవరి పిచ్చి వాళ్లది. డైనింగ్ టేబుల్ మీద అమ్మ జిగ్సా పజిల్ పరిచి పది రోజులైంది. అందరూ కంచాలు ఒళ్లో పెట్టుకుని తింటున్నారు. నాన్న టేబుల్ ఫ్యాను విప్పి, నూనె పెట్టి, మళ్లీ బిగిస్తున్నాడు. ఆయన ఏది విప్పి బిగించినా ఒక స్క్రూ మిగులుతుంది. మిగిలినవన్నీ దాచిన సీసా ఒకటి ఉంది. ఆమె కిటికీ దగ్గర కూర్చుని సూదులు ఆడిస్తోంది.

"అమ్మా, మనిషి రోజూ సాయంత్రం 'పనుంది' అంటే ఏమిటర్థం?"

"పనుందని."

"ఆఫీసుకి ఫోన్ చేస్తే, ఎప్పుడో వెళ్లిపోయాడన్నారు."

"నువ్వు వాళ్ల ఆఫీసుకి కూడా ఫోన్ చేశావా!" అమ్మ చేతిలో ఉన్న ఆకాశం ముక్క ఎక్కడ పెట్టాలో మర్చిపోయింది.

"మొన్న కాలర్ మీద పసుపు రంగు ఊలు పోగుంది. నా దగ్గర పసుపు ఊలే లేదు. అంటే ఊలు పట్టుకునే మనిషి ఇంకెవరో ఉన్నారు."

"చొక్కా మీద పోగు కనపడితే నేరమేనటే?"

"నిప్పు లేనిదే పొగ రాదమ్మా."

"రాదు. కానీ నువ్వు ఆవిరిని చూసినా ఫైరింజన్‌కి ఫోన్ చేస్తావు" అన్నాడు నాన్న, ఫ్యాను రెక్కల వెనకనుంచి.

ఆమె వరస చివరికి వచ్చి, దారాన్ని రెండు మెలికలు తిప్పి ముడి బిగించింది. అమ్మ అది చూసి తల కొట్టుకుంది. "ఆ ముడి లేకుండా ఒక్కటంటే ఒక్కటి అల్లలేవా?"

అల్లలేదు. అల్లిక నేర్పిన అమ్మమ్మకి చివరి కుట్టు జారిపోతుందేమోనని భయం. వరస వరసకీ ఒక ముడి వేసేది. అది తప్పని, అంచు ముడుచుకుపోతుందని తర్వాత ఎందరు చెప్పినా ఈమె చెయ్యి వినలేదు. ఆమె అల్లిన దేనికైనా అంచు పొడుగునా ఆవగింజల్లా ముడులుంటాయి. అమ్మమ్మ పోయాక అలా అల్లే మనిషి లోకంలో ఆమె ఒక్కతే. పోయిన నెల లిఫ్టబ్బాయికి ఇచ్చిన నీలం మఫ్లర్‌కీ అవే ముడులు.

ఆ మఫ్లర్ గుర్తొచ్చి ఫోన్ చేసింది.

"ఎక్కడున్నావ్?"

"డ్యూటీలో."

వెనకనుంచి ఒక అమ్మాయి గొంతు సన్నగా కూనిరాగం తీయడం వినపడింది. ఏ లిఫ్టూ అలా పాడదు.

"సాయంత్రం నేనిచ్చిన మఫ్లర్ వేసుకుని రా. చలిగా ఉంది."

"అదా... ఉతికాను. ఇంకా ఆరలేదు."

"ఎప్పుడు ఉతికావ్?"

"బుధవారం. నేను మళ్లీ చేస్తా, సరేనా?" ఫోన్ కట్.

ఆమె సూదులు పక్కన పెట్టేసింది. బుధవారం ఉతికిన మఫ్లర్ ఆదివారానికి కూడా ఆరలేదంటే అది మఫ్లర్ అయినా కాకపోవాలి, ఆ మనిషి అబద్ధమైనా చెబుతూ ఉండాలి. ఆమెకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది. సాయంత్రం చెప్పాల్సిన 'సరే' ఎక్కడో గొంతులోనే అడ్డం పడింది.

* * *

పార్కులో జనం బాగానే చేరారు. ఆ బ్యాండు వీధిలోవాళ్లు పెట్టుకున్నదే. టైలర్ డ్రమ్ములు వాయిస్తాడు. లెక్కల మాస్టారు గిటార్. పళ్ల డాక్టరు దగ్గర నర్సుగా చేసే అమ్మాయి పాడుతుంది. డ్రమ్ములు ఎప్పుడూ పాటకంటే అరడుగు ముందుంటాయి. పండక్కి బట్టలివ్వడంలో ఎంత ఆలస్యమో వాయించడంలో అంత తొందర ఆ టైలర్‌కి. అయినా అందరూ చప్పట్లు కొడతారు, ఎందుకంటే అందరి బట్టలూ ఆయన దగ్గరే ఉన్నాయి.

అమ్మా నాన్నా మడత కుర్చీలు వేసుకుని వెనక కూర్చున్నారు. ఆమె మాత్రం స్టేజీ పక్కకు చూసింది. లిఫ్టబ్బాయి స్పీకర్ వైర్లు సర్దుతున్నాడు. మెడ బోసిగా ఉంది. ఆమెను చూసి చెయ్యూపాడు, అంతలోనే తేలు కుట్టిన దొంగలా తన పనిముట్ల సంచిని కాలితో వెనక్కి నెట్టాడు.

అప్పుడే నర్సమ్మాయి మైకు ముందుకొచ్చింది.

ఆ పిల్ల మెడలో నీలం మఫ్లర్ ఉంది.

డిటెక్టివ్‌కి మొదటి పాట వినపడలేదు. జనాన్ని తోసుకుంటూ ముందుకెళ్లి, స్టేజీ దీపాల వెలుగులో మఫ్లర్ అంచు పట్టి పట్టి చూసింది. ముడులు. ఒకటి కాదు, అంచు పొడుగునా ముడులే. చినుకులు మొదలయ్యాయి. జనం గొడుగులు తెరిచారు. ఆమె అలాగే తడుస్తూ నిలబడింది.

పాట అయ్యాక నర్సమ్మాయి మంచినీళ్లకని కిందికి దిగితే ఎదురెళ్లింది.

"మఫ్లర్ బాగుంది. ఎక్కడ కొన్నారు?"

"కొన్నది కాదక్కా" అంది ఆ పిల్ల బొంగురుగా. "గొంతు పట్టేసిందంటే మా వైర్లాయన ఇచ్చాడు. దాంతో తనకి అవసరం లేదట."

అవసరం లేదట! ఆమె ఇంకో మాట వినలేదు. నేరుగా స్టేజీ వెనక రేకుల షెడ్డులోకి నడిచింది. లిఫ్టబ్బాయి లేచి నిలబడ్డాడు.

"మఫ్లర్ ఆరిందా?" అంది.

"అది..."

"ఆరి, పాటలు కూడా పాడుతోంది. చూశాను. అబద్ధాలు చెప్పడం రాకపోతే నేర్చుకుని చెప్పు. నేనిచ్చింది ఇంకొకరికి ఇస్తావా?"

"నువ్విచ్చింది కాదది."

"ఆ ముడులు నేనొక్కదాన్నే వేస్తాను! నాకే చెబుతున్నావా?"

"ఒట్టు. ఊలు నువ్విచ్చిందే. అల్లింది మాత్రం నేను."

ఆమె నవ్వేసింది, చేదుగా. "ఇంతకంటే మంచి అబద్ధం దొరకలేదా?"

లిఫ్టబ్బాయి తల వంచుకున్నాడు. తర్వాత నేరం ఒప్పుకునేవాడిలా గబగబా చెప్పేశాడు. "నువ్వు అందరికీ అల్లిస్తావ్. నీకెవరూ ఇవ్వరు. నువ్వు జవాబు చెప్పే రోజు నా చేత్తో అల్లింది ఒకటి ఇద్దామనుకున్నా. వీడియోలు చూస్తే బుర్రకెక్కలేదు. ఏ మిషనైనా విప్పి చూస్తే గానీ నాకు అర్థం కాదు. అందుకని నీ మఫ్లర్ విప్పాను."

"ఏం చేశావ్?"

"ఒక్కో వరసా విప్పి, ఎటునుంచి ఎటు పోయిందో చూసి, మళ్లీ అల్లడం. మొత్తం విప్పేశాను. తిరిగి అల్లితే ఒక పక్క జానెడు, ఇంకో పక్క మూరెడు వెడల్పొచ్చింది. అది వేసుకుని నీ ముందుకెలా రాను? రోజూ టైలర్ షాపులో వీళ్లు ప్రాక్టీసు చేస్తుంటే ఓ మూల కూర్చుని అల్లాను. రూములో అయితే మావాళ్లు బతకనివ్వరు."

"టైలర్నే అడక్కపోయావా?"

"అడిగా. ఆయనకి మిషను మీద కుట్టడం తప్ప ఇంకేం రాదట."

కథ బాగానే అతికింది. కానీ బాగా అతికే కథలంటేనే ఆమెకు మరీ అనుమానం. ఆమె చేతులు కట్టుకుంది.

"అల్లు. నా కళ్ల ముందు అల్లు."

అతను పనిముట్ల సంచి తెరిచాడు. స్క్రూడ్రైవర్ల కిందనుంచి, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన పసుపు మఫ్లర్ ఒకటి, సగం అల్లింది, సూదులతో సహా బయటికొచ్చింది. పెట్టె మీద కూర్చున్నాడు. వెలుతురు కోసం ఆమె ఫోన్ లైటు పట్టుకుంది, పోలీసు టార్చి పట్టుకున్నంత కఠినంగా. రేకుల మీద వాన మోగుతోంది. అవతల డ్రమ్ములు మళ్లీ పాటను దాటిపోయాయి.

లిఫ్టబ్బాయి నాలుక కొస బయటపెట్టి అల్లడం మొదలెట్టాడు. గ్రీజు నల్లగా ఇంకిన వేళ్లు, ఒక్కో కుట్టునీ విరిగిపోయే వస్తువులా పట్టుకుంటున్నాయి. చేతిలో పని ఉండగా అతను మాట్లాడకపోవడం ఆమె చూడటం ఇదే మొదటిసారి. ఒక కుట్టు జారితే వెనక్కెళ్లి అందుకున్నాడు. చివరి కుట్టు దగ్గర ఆగి, ఊపిరి బిగబట్టి, దారాన్ని రెండు మెలికలు తిప్పి, లాగి, ముడి వేశాడు.

అదే ముడి. అమ్మమ్మ వేసిన ముడి.

"ఇదొక్కటే చాలా కష్టమైంది" అన్నాడు, తల ఎత్తకుండానే. "మూడు రోజులు పట్టింది పట్టుబడడానికి."

"అది తప్పు" అంది ఆమె. "ఆ ముడి ఉండకూడదు. అందరూ తిడతారు నన్ను."

అతను కంగారుగా చూశాడు. "తప్పా? నువ్వు ఏదీ ఊరికే చెయ్యవు కదా. ఇంత జాగ్రత్తగా ప్రతి వరసకీ వేశావంటే దానికేదో కారణం ఉంటుందనుకున్నా."

ఆమె చేతిలో లైటు పక్కకి వాలిపోయింది. ఇన్నాళ్లూ ఆమె అనుమానించింది నిజానికి ఇతన్ని కాదు. తన కోసం ఒక మనిషి ఇంత ఓపిగ్గా కూర్చుంటాడంటే ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. ఇప్పుడు ఎదురుగా కూర్చున్నాడు, ఒళ్లో వంకర మఫ్లర్ పెట్టుకుని. ఆమెకు అతనంటే ఎంత ఇష్టమో ఆ క్షణంలో తెలిసింది.

"తప్పయితే విప్పేస్తాను" అన్నాడతను.

"విప్పావంటే ఊరుకోను." పక్కనే పెట్టె మీద కూర్చుంది, భుజం తగిలేంత దగ్గరగా. "సరే."

"ఏమిటి సరే?"

"పోయిన ఆదివారం నువ్వడిగావు చూడు. దానికి."

లిఫ్టబ్బాయి చేతిలోంచి సూది జారిపోయింది. దాంతోపాటు వరసలో సగం కుట్లు కూడా.

అంతలో షెడ్డు గుమ్మంలో నాన్న, గొడుగుతో. "అమ్మాయ్, వాన పెరిగింది, ఇంటికి..." అంటూ ఆగిపోయాడు. కూతుర్ని చూశాడు. సూదులు వెతుక్కుంటున్న కుర్రాణ్ణి చూశాడు. కూతురి కళ్లు ఎర్రగా ఉన్నాయి, మొహం నవ్వుతోంది.

"ఇతనేనా?"

"ఇతనే నాన్నా. మనతోపాటు ఇంటికొస్తాడు."

లిఫ్టబ్బాయి లేచి నమస్కారం పెట్టబోతే ఊలు ఉండ దొర్లుకుంటూ పోయి నాన్న కాళ్ల దగ్గర ఆగింది.

"మరి నీ ఎంక్వైరీ?" అన్నాడు నాన్న ఉండ అందిస్తూ.

"మీరూ అమ్మా ఏమైనా అడగాలనుకుంటే అడగండి. నా ప్రశ్నలు అయిపోయాయి."

ఆమెకు మాటలొచ్చిన నాటినుంచి ఆ మాట ఆమె నోట నాన్న వినలేదు. గొడుగు తీసి లిఫ్టబ్బాయి చేతిలో పెట్టి, నెత్తిన జేబురుమాలు కప్పుకుని, ఆ సంగతి భార్యకు చెప్పడానికి వానలోకి పరుగెత్తాడు.