తలుపు లేని బంకరు

ఏది ముందో ఏది వెనకో ఈ మధ్య నాకు కలగాపులగమైపోతోంది. శేషయ్య రెండో పెళ్ళి ముందా, షాదీపూర్ ఇల్లు ముందా అంటే తడుముకోవాలి. అన్నిటికన్నా ముందు మాత్రం గొళ్ళెం. అది కూడా మరిచిపోకముందే రాసి పెడుతున్నాను.

అరవైల మొదట్లో శేషయ్య పోర్ట్ బ్లెయిర్‌లో గుమాస్తా. మహా జాగ్రత్తపరుడని పేరు. ఆ పేరు పెట్టుకున్నది కూడా ఆయనే. తాళం వేస్తే మూడుసార్లు లాగి చూసేవాడు. క్వార్టరు వెనక వాలులో, యుద్ధంలో జపాను వాళ్ళు కట్టి వదిలేసిపోయిన సిమెంటు బంకరు ఉండేది. సముద్రం వైపు జానెడు సందు, ఇటువైపు తలుపు. కట్టెలు తడవకుండా అందులో వేసుకునేవారు.

ఒక వాన ఉదయం ఆయన కార్ నికోబార్ ఓడ ఎక్కాలి. ముందురోజు భార్య వీరలక్ష్మితో మాటా మాటా వచ్చింది. బయలుదేరుతూ ఒకసారి పిలిచాడు. పలకలేదు. అలిగిందిలే అనుకున్నాడు. రెండోసారి పిలవడం ఆయన హోదాకు తక్కువ. పోతూ పోతూ బంకరు తలుపు ఓరగా ఉండడం చూసి, గొళ్ళెం పెట్టి, తాళం వేసి, మూడుసార్లు లాగి, నిశ్చింతగా ఫీనిక్స్ బే రేవుకి నడిచాడు.

వీరలక్ష్మి లోపల కట్టెలు ఏరుకుంటోంది.

తొమ్మిది రోజులకు గాని ఓడ తిరిగి రాలేదు. ఆమె కూడా మొగుడితో వెళ్ళిందనుకున్నారు అందరూ. మూడు సాయంత్రాలు సందులోంచి గొంతు వినిపించిందట. పక్కింటి పడవ సరంగు నూకన్న విన్నాడు. అది ఆడగొంతుతో ఏడ్చే జపాను సిపాయి దెయ్యమని తేల్చి, సందు దగ్గర కర్పూరం వెలిగించాడు. వాడంతా కిటికీలు మూసుకుంది. నాలుగో రోజు గొంతు ఆగింది. ఆ గొప్ప తనదేనని నూకన్న ఓడ వచ్చేదాకా చెప్పుకు తిరిగాడు.

శేషయ్య తిరిగొచ్చి తాళం తీశాక, అందరూ కలిసి ఆయన్ని ఓదార్చారు. ఓదార్పు ఆయన ఒంటికి బాగా పట్టింది. తన దురదృష్టం గురించి గొంతు వణికిస్తూ చెప్పడం నేర్చాడు. బంకరు తలుపు ఊడదీయించి సముద్రంలో పడేయించాడు. ఆయన చేసుకున్న ప్రాయశ్చిత్తం అంతే. రెండేళ్ళు తిరక్కుండా శ్రీకాకుళం నుంచి తవిటమ్మను చేసుకుని తెచ్చుకున్నాడు. సంగతంతా విని ఆ పిల్ల ఒక్కటే అడిగింది.

“రెండోపాలి పిలిస్తే మీ సొమ్మేటి పోయేదండీ?”

ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

ఆషాఢంలో ఒక సాయంత్రం. ఐదున్నరకే చీకటి పడిపోయింది. వాన ఆగకుండా కురుస్తోంది. కుళ్ళిన కట్టెల వాసన, నాచు వాసన. శేషయ్య ఆఫీసు నుంచి వచ్చేసరికి దీపం వెలుగుతోంది గాని ఇంట్లో ఎవరూ లేరు. తవిటమ్మను పిలిచాడు. వెనక నుంచి జవాబొచ్చింది.

“ఏవండీ...”

బంకరు దాకా వెళ్ళాడు. తలుపు లేని ద్వారం నల్లగా నోరు తెరుచుకుని ఉంది.

“నానండీ... తవిటమ్మని. దారి అగుపడ్డం లేదు. తలుపు తియ్యండి...”

తియ్యడానికి తలుపేదీ? లోపలి గోడ దాకా నడిచినా పది అడుగులు. పిల్లలు పగలు దూరి ఆడుకునే చోటు.

గొడుగేసుకుని నూకన్న వచ్చాడు. చెవిలో గుసగుసలాడాడు. “మత్ జావ్, ఎల్లకండి బాబూ. గొంతు మారుస్తన్నాది.”

శేషయ్య నిలబడ్డాడు. అది తవిటమ్మే అయితే, వెళ్ళకుంటే రెండోదాన్నీ తనే చంపినట్టు. కాకపోతే... లోపల ఉన్నది ఎవరో ఆయనకు తెలుసు.

“సెయ్యి ఇవ్వండి... సెయ్యి ఒక్కటీ...”

ఒక కాలు ఎత్తాడు. మళ్ళీ అక్కడే పెట్టాడు. ఆ కాలు ఎత్తినందుకు తరవాత ఎన్నేళ్ళో తనను తానే మెచ్చుకున్నాడు.

నూకన్న కర్పూరం తీశాడు. తడిసిపోయింది. అంటుకోలేదు.

గోళ్ళతో సిమెంటు గీస్తున్న చప్పుడు... ఆగి... మళ్ళీ...

“అన్నం సల్లారిపోతన్నాది. రండి.”

వెనక పెరట్లో తవిటమ్మ నిలబడి ఉంది.

నూకన్న చిన్నగా నవ్వాడు, నేను చెప్పలేదా అన్నట్టు. శేషయ్యకు ప్రాణం లేచొచ్చింది. ఆమె వెనకే నడిచాడు. ఆయన చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ముందు నడుస్తున్న ఆమె చీర కుచ్చెళ్ళు గాలికి రెపరెపలాడుతున్నాయి. ఒక్క చుక్క తడి లేదు. చూశాడు. చూడనట్టు కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు.

అన్నం తింటుంటే పెరటి అవతల గొంతు ఇంకా వినిపిస్తూనే ఉంది. సన్నగా... శ్రీకాకుళం యాసలో...

ఆమె వంగి పప్పు వడ్డించింది.

“ఎవులో పిలుస్తన్నట్టున్నాది. యెల్లి సూడరేటి?”

శేషయ్య తల ఎత్తలేదు. మజ్జిగ పొయ్యమన్నాడు.

భారతీ, మా చెల్లెలి కూతురివి, నీ జ్ఞాపకం గట్టిది. పేర్లు ఒకసారి సరిచూడమ్మా. వీరలక్ష్మి, నూకన్న, ఈ రెండూ సరే. తరవాత పోర్ట్ బ్లెయిర్‌లోనే మారిన షాదీపూర్ ఇంట్లో ఆయనతో ముప్పై ఏళ్ళు కాపురం చేసిన ఆవిడ పేరు తవిటమ్మ అనే అందరూ రాసుకున్నారు. ఆ ఇంటికి ఎన్నేళ్ళు వచ్చిపోయినా, ఆ పేరు పెట్టి పిలిస్తే ఆమె పలకగా నేను ఒక్కనాడూ వినలేదు. ఉంచాలో, కొట్టెయ్యాలో నువ్వే చూడు.