ఏడో లక్కపట్టె

వన్నెలేరు తనంతట తాను ఎండిపోలేదు పిల్లలూ. దాన్ని ఆపేశారు. ఆపింది పరాయి రాజూ కాదు, కరువూ కాదు. వన్నెపురం జనమే.

పడవల మీద ప్లాస్టిక్ బొమ్మలు దిగిన నాటి నుంచి ఆ ఊళ్ళో పాత బొమ్మ ఇంట్లో ఉంటే నామోషీ. చక్రం ఊడిందా, పారెయ్! రంగు వెలిసిందా, పారెయ్! రాజుగారి బళ్ళు వాటిని ఏటి ఎగువన నక్కల కనుమలో గుమ్మరించి వచ్చేవి. కంటికి కనబడకపోతే లేనట్టేనా? ఆ గుట్టకి ఒకనాడు ప్రాణం వచ్చింది. బొమ్మాసురుడై లేచి ఏటికి అడ్డంగా కూర్చుంది. చుక్క నీరు కిందికి రాలేదు. రాకుమారులు కత్తులు దూశారు. ఒక ముక్క నరికితే రెండై అతుక్కుంది. చివరికి రాజు దండోరా వేయించాడు: "తొమ్మిది రోజుల్లో నీరు రాకపోతే ఊరు ఖాళీ చెయ్యాలి!"

లక్కబొమ్మలు చేసే ఇంటి పిల్ల అసిరికి పదేళ్ళు. ఆ ఇంట్లో ఒక అంకుడు కర్ర గుర్రం ఉంది. మొదటి పాలపన్ను ఊడగానే ఆ ఇంటి పిల్లలు గుర్రాన్ని బాగుచేసి, చక్రం మీద తమ రంగు లక్కపట్టె వేసి, తమకన్నా చిన్నవాళ్ళకి ఇచ్చెయ్యాలి. అది కట్టుబాటు. ఆరు పట్టెలున్నాయి. ఏడోది అసిరి వెయ్యాలి. వెయ్యలేదు. నాలుగేళ్ళుగా గుర్రాన్ని తమ్ముడు బంగారయ్యకి అందకుండా అటక మీద దాచింది.

"నాను ఎల్తానమ్మా" అంది అసిరి.

"కత్తైనా లేదు, నువ్వెల్లి ఏటి చేస్తావే గుంటా?"

"కత్తులోళ్ళు ఏటి చేసీసినారేటి?"

సంచిలో ఉలి, కదురు, తాళ్ళు, లక్క కడ్డీలు, గుప్పెడు కర్ర చక్రాలు వేసుకుంది. తను లేనప్పుడు తమ్ముడు తీసేస్తాడేమోనని గుర్రాన్నీ వేసుకుంది!

ముళ్ళడవిలో పెద్దపులి ఎదురైంది. దాని మెడకి ఎవరో పారేసిన ప్లాస్టిక్ బొమ్మడప్పు చట్రం బిగుసుకుపోయి ఉంది.

"కదిలావంటే మింగేస్తాను" అని మూలిగింది పులి.

"గొంతులో దిగొద్దా మామా? తల వంచు, కోసీస్తాను."

ఉలితో చట్రం తెంచింది. పులి ఆమెను వీపున ఎక్కించుకుని కనుమకి చేర్చింది.

కొండంత బొమ్మాసురుడు వెయ్యి బొమ్మల కళ్ళతో చూశాడు. "నాలో ఉన్న ఒక్క బొమ్మనీ ఎవరూ ఎవరికీ ఇవ్వలేదు. అందరూ పారేసినవాళ్ళే. చేతి నుంచి చేతికి వచ్చిన బొమ్మ ఒక్కటి చూపించు, నీ మాట వింటాను."

అసిరి గర్వంగా గుర్రాన్ని తీసింది. "ఇదిగో, ఆరు పట్టెలు!"

"నీ పట్టె ఏదీ?"

అసిరి తల వంగిపోయింది. "లేదు. దాచీసినాను. తప్పు నాదే."

తప్పు ఒప్పుకుని ఏడుస్తూ కూర్చునే పిల్ల కాదది. చక్రాన్ని ఊడదీసి కదురుకి బిగించింది. కదురుకి తాడు చుట్టి కొసలు పులికి అందించింది.

"పులిని నేను, తాడు లాగాలా?"

"లాగు మామా, నీ గీర తర్వాత!"

చక్రం గిర్రున తిరిగింది. పసుపు లక్క కడ్డీ ఆనించగానే ఆ రాపిడి వేడికి లక్క కరిగి పట్టెగా అంటుకుంది. "ఇది మా బంగారయ్యది. ఇంక నాది కాదు" అంది అసిరి.

అసురుడి గొంతు చిన్నబోయింది. "మరి నేను ఎవరివాణ్ణని చెప్పుకోను?"

"ఉండు, చెప్తాను. ఆ చక్రం లేని బండి ఇటియ్యి." కర్ర చక్రం బిగించి, ఇచ్చింది తనేనన్న గుర్తుగా పసుపు తాడు కట్టింది. "ఇది కుమ్మరోళ్ళ చిన్నికి."

ఆ మాటతో బండి పండిన పండులా అసురుడి భుజం నుంచి రాలింది. ఆ సందులోంచి సన్నటి నీటిధార దూకింది!

ఒక్కతె వల్ల అయ్యే పనా అది? పులి కబురు మోసుకుని ఊళ్ళోకి పరుగెత్తింది. ఎండిన ఏటి వెంట ఊరి పిల్లలంతా వచ్చారు, అందరికన్నా ముందు బంగారయ్య. వెనకే రాకుమారులు.

"కత్తులు అవతల పెట్టి చక్రాలు బిగించండి బాబూ!" అని కసిరింది అసిరి.

బిగించారు. తొమ్మిదో రోజు పొద్దు వాలేసరికి చివరి బొమ్మకీ ఒక చిన్నారి పేరు దొరికింది. అసురుడు లేడు. వన్నెలేరు గట్లు ఒరుసుకుంటూ పారింది.

"అర్ధరాజ్యం ఇస్తాను, తీసుకో" అన్నాడు రాజు.

"అదేటి చేసుకుంటాను బాబూ? బొమ్మలు పారబోసిన ఆ బళ్ళు ఇయ్యండి. ఇక కనుమకి ఎల్లవు. ఇంటి నుంచి ఇంటికి బొమ్మలు మోస్తాయి."

ఇప్పుడు వన్నెపురంలో కొత్త బొమ్మ పట్టుకుని తిరగడమే నామోషీ. "మా బొమ్మబండికి అయిదు తాళ్ళు, మీ దానికో?" అని పిల్లలు రొమ్ము విరుచుకుంటారు.

ఏడాది తిరిగాక బంగారయ్య నోరు గట్టిగా మూసుకుని వచ్చాడు.

"ఏదిరా, ఆ అను" అంది అసిరి. వీడూ దాస్తున్నాడేమోనని ఆమె అనుమానం.

బంగారయ్య గుప్పిట విప్పాడు. ఒక పాలపన్ను. పక్కన ఎర్ర లక్క కడ్డీ.

"తాడు లాగడానికి పులిమామని పిలువక్కా" అన్నాడు బోసి నవ్వుతో.