ఒకే పళ్ళెంలో నల్లపూసలు

అమావాస్య... మిట్టమధ్యాహ్నం! పట్టపగలే కారుచీకట్లు కమ్మాయి. దివిసీమ చివర మడ అడవిలో గుడ్లగూబ వేళకాని వేళ అరిచింది. ఉరుము ఉరిమినప్పుడల్లా పాకలోని కపాలం కంటిగుంటల్లో దీపం వణుకుతోంది.

కపాలం ముందు మాంత్రికుడు కంకాళయ్య. అతని ఎదురుగా తడిబట్టలతో సత్యవాణి. ఆమె గుప్పిట్లో చెల్లెలు అపర్ణ నల్లపూసలు!

బందరులో ఒకే పందిట్లో, ఒకే ముహూర్తానికి పెళ్ళయింది ఇద్దరికీ. అపర్ణ మొగుడు సూర్యతేజ గుడివాడలో లెక్చరరు. పెళ్ళాం తలనొప్పంటే తనే వంట చేసే రకం. సత్యవాణి మొగుడు సుధన్వ కూడా చూడ్డానికి పెద్దమనిషే. తలుపు వేశాక మాత్రం చెయ్యి ఊరుకోదు. ఆ సంగతి తెలియని అపర్ణ, "బావగారు నిన్నొక్క పూటైనా వదిలి ఉండలేరే" అని వేళాకోళం చేసేది. ఆ మాటే అక్క గుండెలో కాలకూటమైంది. దానికెందుకంత సుఖం? మొన్న ఆ పిచ్చిపిల్ల, "తీగ తెగేలా ఉందక్కా, చిలకలపూడిలో కొత్తగా గుచ్చించు" అని పూసలు చేతిలో పెట్టింది. సత్యవాణి చిలకలపూడి వెళ్ళలేదు, ఇక్కడికొచ్చింది.

"ఒక్కో పూసా కాలుతుంటే నీ చెల్లెలి మొగుడి ఊపిరి ఒక్కో మెట్టు దిగుతుంది," అన్నాడు కంకాళయ్య. "చివరి పూసతో సరి."

బీజాక్షరాలు పాకను దద్దరిల్లించాయి. తీగ తెగింది. తొలిపూస హోమాగ్నిలో పడి మనిషిలా మూలిగింది... నాలుగైదు పూసలు కాలేసరికి సత్యవాణి ఫోను మోగింది.

"అక్కా, ఆయన క్లాసులో పడిపోయారట. ఇంటికి మోసుకొచ్చారు. ఊపిరాడ్డం లేదు. నువ్వు రా అక్కా, నాకు భయమేస్తోంది."

కష్టమొస్తే ముందు తనకే ఫోను చేసింది పాపం! సత్యవాణికి తన మీద తనకే అసహ్యం పుట్టింది.

"ఆపండి. నాకేమీ వద్దు."

"పిలిచిన క్షుద్రశక్తి ఉత్తచేతులతో పోదు. అడ్డొస్తే నిన్నే తింటుంది." కంకాళయ్య మిగిలిన పూసలన్నీ నిప్పుల్లోకి విసిరాడు.

"అమ్మా..." అని అరిచింది సత్యవాణి. అంతే! కనుగుడ్లు తెల్లబడ్డాయి. జుట్టు విరబోసుకుంది. ఆ నోటి నుంచి వెలువడిన గొంతు ఆమెది కాదు, నిరుడు పోయిన తల్లి లక్ష్మీకాంతానిది!

"పదహారు రోజుల పండక్కి ఇద్దరి పూసలూ ఒకే పళ్ళెంలో పోసి, నా చేత్తో గుచ్చాను నాయనా. ఏవి పెద్దదానివో, ఏవి చిన్నదానివో నాకే తెలీదు. నీకెలా తెలిసింది?"

కంకాళయ్య ముఖం పాలిపోయింది. పూసలు ఎవరివని అడిగాడే గానీ, గుచ్చిన చెయ్యి ఎవరిదని అడగలేదు! ఆ చేతికి ఇద్దరూ ఒక్కటే... గురి తప్పిన శక్తి పిలిచినవాడి మీదికే తిరిగింది. నిప్పుల్లోంచి పూసలు జ్వలిస్తూ లేచి అతని కంఠానికి చుట్టుకున్నాయి. బిగిశాయి. భీకర ఆర్తనాదం... కపాలం ఫెళ్ళున పగిలింది. పాక కూలి తగలబడింది. కంకాళయ్య బూడిదైపోయాడు. సత్యవాణి ఒంటిమీద ఒక్క నిప్పురవ్వ కూడా పడలేదు.

గుడివాడలో సూర్యతేజ లేచి కూర్చుని మంచినీళ్ళడిగాడు. పొద్దుగూకే వేళకి తలుపు చప్పుడైంది. అపర్ణ పరుగున వెళ్ళి తీసింది.

"వచ్చావా అక్కా. ఆయనకి నెమ్మదించింది."

సత్యవాణి లోపలికొచ్చింది. అపర్ణ పాపిట సవరించి, బుగ్గ నిమిరింది. ఆ స్పర్శ అపర్ణకి తెలుసు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అక్క అలిసిపోయి నాలో పడుకుందమ్మా. లేపకు," అంది అమ్మ గొంతు. "పెద్దల్లుడు దాని కోసం వస్తే... నాతో మాట్లాడమను."