చదును చేసిన ఓటు

ఫలితాలు వచ్చే వేళకి సూర్యారావు తిరగలి పార్టీ ఆఫీసులో కూర్చుని ఉల్లిపాయ పకోడీ తింటున్నాడు. వెనకటిలా ఓట్ల లెక్కింపు, ఏజెంట్ల కేకలు, రౌండ్లు లేవు. అసలు పోలింగే లేదు. ప్రతి ఓటరుకీ చెవి వెనక చర్మం కింద కందిబద్దంత యంత్రం ఉంటుంది. ప్రభుత్వం దానికి అభిమతమాపకం అని పేరు పెట్టింది. జనం మనసుకాటా అన్నారు. ఐదేళ్లపాటు ఏ పార్టీ పేరు వింటే గుండె ఎలా కొట్టుకుందో, ఏ జెండా చూస్తే ఒళ్లు ఎలా సడలిందో అది తూచి పెడుతుంది. గడువు రోజున ముల్లు ఎటు మొగ్గితే ఓటు అటు పడుతుంది. నోట్లు పంచినా, సారా పోసినా కాటా కదలదు. మనిషి నోటితో చెప్పేది అబద్ధం, మనసులో తూగేది నిజం అని పెద్ద చదువులవాళ్లు తేల్చేశారు. మనసు కూడా బెల్లం దిమ్మలాంటిదే అనుకుంటే వాళ్లు చెప్పింది నిజమే.

అందరి చేతిపలకలూ ఒక్కసారి మోగాయి. రేవుపాలెం లోక్‌సభ స్థానంలో పడవ పార్టీ ఒక్క ఓటు తేడాతో గెలిచింది.

ఎవరి ఓటు ఎటు పడిందో వాళ్ల పలక మీద వాళ్లకి మాత్రమే కనిపిస్తుంది. సూర్యారావు నూనె వేళ్లు పంచెకి తుడుచుకుని తన పలక తెరిచాడు. ‘మీ అభిమతం: పడవ’ అని ఉంది.

“ఇదేంట్రా, నా ఓటు పడవకి పడింది” అని పైకే అనేశాడు.

అనకుండా ఉండాల్సింది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. “మీసం నెరిసేదాకా తిరగలి మోసి, ఆఖరికి పడవెక్కేశావా పెద్దాయనా?”

“కాళ్లు నొప్పెట్టుంటాయిలేరా, పాపం” అన్నాడు ఇంకొకడు.

మండల అధ్యక్షుడు దాసు మాత్రం నవ్వలేదు. అతను సూర్యారావుకి సొంత మేనల్లుడు. మావయ్యని చెయ్యి పట్టుకుని పక్కగదిలోకి తీసుకుపోయాడు.

“మావా, తేడా ఒక్క ఓటే. నీది ఇటు తిరిగితే ఆళ్లది తగ్గుద్ది, మనది పెరుగుద్ది. సీటు మనదే. ఢిల్లీలో ఏ కూటమికీ బలం చాల్లేదు. ఈ ఒక్కటీ వస్తే మనోళ్లు చెప్పినట్టు ఆడాల అందరూ.”

“అది తప్పు తూచిందిరా. నేను పడవోణ్ణా?”

“ఆ మాటే కాటాఫీసులో చెప్పు. సాయంత్రం దాకా అభ్యంతరాలు తీసుకుంటారంట. పద.”

కాటాఫీసులో తూనిక అధికారి అహల్య అనే అమ్మాయి. ఆవిడ సూర్యారావు చెవి వెనక ఒక కడ్డీ ఆనించి, గోడ మీద రెండు గీతలు చూపించింది. ఒకటి ముళ్లకంపలా గీసుకుపోయి ఉంది. రెండోది మెల్లగా లేచి మెల్లగా దిగుతోంది.

“తిరగలి పేరు వింటే మీకు రక్తం వేడెక్కుతోందండి. అది పట్టుదల. పడవ పేరు వింటే, అందులోనూ పడవ గెలిచిందని వింటే, మనసు మెత్తబడుతోంది. యంత్రం మెత్తదనాన్నే ఇష్టం కింద కడుతుందండి.”

సూర్యారావు ఆ రెండో గీత వంక చాలాసేపు చూశాడు. అప్పుడు తెలిసింది.

“అది పడవ కాదండి. మా ఆవిడ” అన్నాడు.

తాయారు పడవ పార్టీలో వార్డు మనిషి. పోయి మూడేళ్లయింది.

“మా ఇంట్లో ఒక కట్టుబాటండి. ఎవరి పార్టీ ఓడితే ఆళ్లు ఆ పూట వంట చెయ్యాల. మాది ఎప్పుడూ ఓడేదే కదండి, నాకే తగిలేది. చేపల పులుసు పెట్టేవోణ్ణి. ఆవిడ గుమ్మంలో పీటేసుకుని కూర్చుని, చింతపండు పిసకడం చేతకాదు గానీ దేశాన్నేలతారంట అని ఏడిపించేది. ముళ్లు తీసి నా కంచంలో ఏసేది. పెళ్లి మొదలు మేం తీరిగ్గా కూర్చుని తిన్న పూటలు అవేనండి. మిగతా రోజులు ఆవిడ మీటింగు ఆవిడది, నా మీటింగు నాది.” గోడ మీద రెండో గీతని వేలితో చూపించాడు. “పడవ గెలిచిందంటే నాకు ఆ వంటిల్లే గుర్తొస్తది.”

అహల్య తల వంచుకుని విన్నది. “అర్థమైందండి. కానీ కాటా కారణం చూడదు. బరువే చూస్తుంది.”

“మరి దిద్దడమెలా?” అన్నాడు దాసు.

“ఉత్త మాట మీద దిద్దితే ఫలితాలయ్యాక ప్రతివాళ్లూ వస్తారు. అందుకని చట్టంలో చదును పెట్టారండి. పడవ అనగానే ఈయన మనసులో లేచే ఈ మిట్టని కొట్టి, నేలతో సమం చేస్తాం. నొప్పుండదు. జ్ఞాపకాలు ఎక్కడికీ పోవు. మెత్తదనం ఒక్కటే పోతుంది. మిగిలిన పట్టుదలకి ముల్లు తిరగలి వైపే మొగ్గుతుంది.”

“ఆవిడ మీదా?” అని అడిగాడు సూర్యారావు.

“పడవ మీదండి. రెండూ వేరువేరుగా ఉంటే ఇబ్బంది లేదు.”

“వేరుగా ఎక్కడున్నాయమ్మా?”

ఆ అమ్మాయి కడ్డీ తుడవడం మొదలెట్టింది. అలాంటి ప్రశ్నకి జవాబు ఆవిడకి ఎవరూ నేర్పలేదు.

దాసు మావయ్య భుజం మీద చెయ్యేశాడు. “అత్త జ్ఞాపకం పోదంటున్నారుగా. ఇంకేంటి మావా? రేపు టీకొట్టు కాడ మొహం ఎలా చూపిస్తావు? సూర్యారావు సీటమ్మేశాడంటారు. నీ బతుకంతా ఒకే మాట మీద నిలబడ్డావు.”

ఒకే మాట. ఆ ఒక్క ముక్క పట్టుకునే సూర్యారావు ఇన్నాళ్లూ ఊళ్లో తలెత్తుకు తిరిగాడు. ఆస్తి లేదు, చదువు లేదు. ఉన్నదల్లా జెండా మార్చని మనిషన్న పేరు. పరువు పోతుందంటే మగాడికి బుర్ర పనిచెయ్యదు. చదునుకి ఒప్పుకుంటూ పలక మీద వేలు ఆనించాడు.

క్షవరం చేయించుకున్నంత సేపట్లో పని అయిపోయింది. చెవిలో నీళ్లు పోయినట్టు కాస్త చల్లగా తగిలింది, అంతే. తిరగలి పార్టీ ఒక్క ఓటుతో గెలిచినట్టు పలకలు మళ్లీ మోగాయి. కుర్రాళ్లు సూర్యారావుని భుజాల మీద ఎక్కించుకుని బస్టాండు దాకా ఊరేగించారు. ఉదయం నవ్వినవాళ్లే ముందుండి మోశారు.

మర్నాడు ఢిల్లీలో తిరగలి పార్టీ నాయకుడూ, పడవ పార్టీ నాయకుడూ ఒకే సోఫాలో కూర్చుని ఒకరి నోట్లో ఒకరు లడ్డూ పెట్టుకున్నారు. దేశ ప్రయోజనాల కోసం రెండు పార్టీలూ ఒకే కూటమిలో చేరి ప్రభుత్వం ఏర్పాటు చేస్తున్నాయట.

“ఒరే దాసూ, రెండూ ఒకే గట్టున చేరాక రేవుపాలెం సీటు ఎవరిదైతే ఏంట్రా? మొత్తం ఒకటేగా?” అన్నాడు సూర్యారావు.

“రాజకీయాన్ని అలా చూడకూడదు మావా” అన్నాడు దాసు, కండువా సర్దుకుంటూ. అతనికి మంత్రిగారి స్వాగతం ఏర్పాట్లున్నాయి.

సాయంత్రం రాజమండ్రి నించి కూతురు ఇందుమతి ఫోను చేసింది.

“నాన్నా, టీవీ చూశావా? అమ్మ పార్టీ, నీ పార్టీ ఒకటయ్యాయి. అమ్మ ఉంటే ఎంత వేళాకోళం చేసేదో.”

“అవును, చేసేది” అన్నాడు సూర్యారావు.

“ఆసుపత్రిలో కూడా నీ బెంగే నాన్నా. మీ నాన్న ఒక్కడూ అయిపోతాడే, ఆయనతో పోట్లాడేవాళ్లు ఎవరుంటారే అని నా చెయ్యి వదల్లేదు.”

ఆ గది అతనికి గుర్తుంది. కిటికీ తెర రంగు గుర్తుంది. తాయారు ఆ మాట అన్నప్పుడు తను మందులు తేవడానికి వెళ్తూ తలుపు దగ్గరే ఆగిపోవడం గుర్తుంది. అన్నీ ఉన్నాయి, ఎవరో చెప్పగా విన్న సంగతుల్లా.

“అవునమ్మా, అలాగే అంది” అన్నాడు.

“ఏంటి నాన్నా, పక్కింటావిడ సంగతి చెప్పినట్టు చెబుతున్నావు?”

ఏదో ఒకటి అనాలని చూశాడు. బాధపడాలనుకున్నాడు కూడా. ఎక్కణ్ణించీ రాలేదు. ఫోనులో ఇందుమతి వెక్కివెక్కి ఏడవడం మొదలెట్టింది. ఊరివాళ్లెవరింటికో పరామర్శకి వెళ్లినవాడిలా, మర్యాదకి, ఆమె ఏడుపు అయ్యేదాకా సూర్యారావు ఫోను చెవి దగ్గరే పట్టుకుని నిలబడ్డాడు.